పాస్‌బుక్కుకు ముందే తెలుస్తుంది

(దుర్గ్‌లో జరిగిన మన సిబ్బంది కుటుంబాల సమావేశంలో డేటా అనలిటిక్స్ విభాగం అధికారి చేసిన ప్రసంగ పాఠం)



"డేటా సైన్సు గురించి నాలుగు మాటలు చెప్పండి, కానీ ఇంట్లోవాళ్లకు కూడా అర్థం కావాలి" అని నిర్వాహకులు అడిగారు. డేటా సైన్సు అనగానే చాలామందికి ఆవలింత వస్తుంది. అందుకని ఆ పేరు కాసేపు మరచిపోదాం. ఆ విద్య ఇంటికి పనికొచ్చే ఒక చోటు చెబుతాను. అది ఆన్‌లైన్ జూదం. ఈ ఊళ్లో దాన్ని సట్టా అంటారు.

భిలాయి అనగానే మన పెద్దలకు గుర్తొచ్చేది ఉక్కు. 1959 ఫిబ్రవరిలో బాబూ రాజేంద్రప్రసాద్ గారు ఇక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. దేశమంతా పరిచిన రైలు పట్టాలు ఇక్కడి నుంచి వెళ్లాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మన తాతలు, తండ్రులు ఇక్కడికి వచ్చి, సెక్టార్లలో, ఖుర్సీపార్‌లో ఇళ్లు కట్టుకుని, పిల్లల్ని చదివించుకుని స్థిరపడ్డారు. అలాంటి ఊరి పేరు 2023లో దేశమంతా పత్రికల్లో మరో కారణంగా మోగింది. ఆ కారణం మహాదేవ్ బెట్టింగ్ యాప్.

ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ అప్పట్లో బయటపెట్టిన వివరాల ప్రకారం, ఆ వ్యాపారాన్ని గల్ఫ్‌లో కూర్చుని నడిపించినవాళ్లు ఈ ఊరివాళ్లే. కేసు ఇంకా తేలలేదు కాబట్టి ఎవరు దోషులు, ఎవరు కాదు అన్న జోలికి నేను పోను. మనం బ్యాంకువాళ్లం. అది నడిచిందని చెబుతున్న పద్ధతి మాత్రం మనం తెలుసుకుని తీరాలి.

ఆ పద్ధతి ఇది. 'ప్యానెల్' అనే పేరుతో శాఖలు ఇచ్చారు. లాభంలో 70-30 వాటా. ఆడాలనుకున్నవాడు ఒక వాట్సాప్ నంబరుకు మెసేజ్ పెడితే చాలు. వాళ్లు ఒక ఐడీ ఇస్తారు, డబ్బు వేయడానికి ఒక బ్యాంకు ఖాతా నంబరు ఇస్తారు. ఆ ఖాతా ఎవరిది? కంపెనీది కాదు. ఎవరో కుర్రాడిది, ఎవరో కూలీది, ఎవరో కిరాణా కొట్టు ఆయనది. నెలకు ఇంత అని ఇచ్చి పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ కార్డు తీసేసుకున్న కిరాయి ఖాతా అది. 2023 సెప్టెంబరులో రాయ్‌పూర్, భోపాల్, ముంబయి, కోల్‌కతాలలో సోదాలు జరిపి 417 కోట్ల రూపాయల ఆస్తులను ఈడీ జప్తు చేసింది, స్తంభింపజేసింది. ఆ నవంబరు 5న కేంద్రం ఈ యాప్‌తో కలిపి 22 బెట్టింగ్ యాప్‌లను, వెబ్‌సైట్లను ఆపేయమని ఆదేశించింది.

గమనించారా? ఆట ఫోనులో జరిగింది, ఆడించినవాళ్లు సముద్రం అవతల ఉన్నారు, కానీ డబ్బు మాత్రం ఏదో ఒక బ్రాంచిలో, ఏదో ఒక లెడ్జరులో నడిచింది. జూదం ఎంత దాక్కున్నా దాని అడుగుజాడలు మన దగ్గర పడతాయి. ఆ అడుగుజాడల్ని చదవడమే నేను చెప్పబోయే విద్య.

ఆ విద్య మీకు కొత్తదేమీ కాదు. పాతరోజుల్లో వీధి చివర కొట్టాయన ఖాతా పుస్తకం పెట్టేవాడు. ఒక ఇంట్లో నెలకు ఇన్ని కిలోల పప్పు, ఇంత నూనె వెళుతుందని ఆయనకు తెలుసు. ఉన్నట్టుండి నూనె సగమైపోయి, బీడీ కట్టలు రెట్టింపైతే, ఆ ఇంట్లో ఏదో జరిగిందని ఇంటివాళ్లకంటే ముందు ఆయన గ్రహించేవాడు. డేటా సైన్సు ఆ కొట్టాయన చూపే. ఆయన నలభై ఇళ్లను గమనిస్తే, యంత్రం నలభై లక్షల ఖాతాల్ని గమనిస్తుంది. ఆయన ఏడాదిలో కనిపెట్టే మార్పును అది వారంలో కనిపెట్టగలదు.

జూదం విషయంలో ఈ చూపును మొదట పెద్ద ఎత్తున వాడి చూసినవాళ్లు అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలకు అనుబంధంగా పనిచేసే వ్యసనాల అధ్యయన బృందం. యూరప్‌లోని బివిన్ అనే బెట్టింగ్ సంస్థ తన లెక్కలు వాళ్లకు ఇచ్చింది. 2005 ఫిబ్రవరిలో కొత్తగా చేరిన 40,499 మంది ఎనిమిది నెలల పాటు పెట్టిన పందాల వివరాలు ఆ లెక్కల్లో ఉన్నాయి. అంతకు ముందు జూదం మీద పరిశోధన అంటే మనిషిని పిలిచి "నువ్వు ఎంత ఆడతావు?" అని అడగడమే. జూదరి నిజం చెబుతాడా? భార్యకే చెప్పడు, ప్రశ్నాపత్రానికి చెబుతాడా!

ఆ లెక్కల్లో తేలింది ఏమిటంటే, ఎక్కువమంది నాలుగు రోజులకోసారి, నాలుగేసి యూరోల చొప్పున రెండు మూడు పందాలు కాసి, నాలుగు నెలలకు ఆపేశారు. ఒక్క శాతం వరకు మాత్రం అందరికంటే విపరీతంగా ఆడినవాళ్లు ఉన్నారు. ఆ ఒక్క శాతం ఎవరో ముందుగా కనిపెట్టడం ఎలా అన్నది తర్వాతి ప్రశ్న.

2012లో అదే బృందం దానికి ఒక జవాబు చెప్పింది. ఖాతా తెరిచిన మొదటి నెల తీరు చూసి వాళ్లు నాలుగు గుర్తులు పట్టుకున్నారు. తరచుగా ఆడటం ఒకటి. ఆడిన రోజున ఎక్కువ పందాలు కాయడం రెండు. పందెం మొత్తం ఒకసారి చిన్నదిగా, ఒకసారి పెద్దదిగా ఎగుడుదిగుడుగా ఉండటం మూడు. నెల గడిచేకొద్దీ పందెం పెరుగుతూ పోవడం నాలుగు. ఈ నాలుగూ కలిసిన చిన్న గుంపులో నూటికి 73 మంది తర్వాత జూదం తమకు సమస్యగా మారిందని చెప్పి ఖాతా మూసుకున్నారు.

ఇందులో తల్లిదండ్రులు పట్టించుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఎంత డబ్బు పోయిందన్నది ఆ నాలుగు గుర్తుల్లో లేదు. ఆట తీరు మారడమే గుర్తు. మనం సాధారణంగా "ఎంత పోగొట్టావురా?" అని మొదలుపెడతాం. మొత్తం చిన్నదైతే "పోనీలే, బుద్ధి వచ్చింది" అని ఊరుకుంటాం. కానీ మొత్తం చిన్నగా ఉన్నప్పుడే తీరు మారడం మొదలవుతుంది.

ఇది బెట్టింగ్ సంస్థ లెక్కల సంగతి. మరి బ్యాంకు లెక్కల్లో ఇది కనిపిస్తుందా? కనిపిస్తుందని బ్రిటన్‌లో తేలింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అక్కడి లాయిడ్స్ బ్యాంకింగ్ గ్రూప్ ఖాతాదారుల లావాదేవీలను, పేర్లు తీసేసి, ఏడేళ్ల కాలానికి పరిశీలించారు. ఆ డేటాలో 65 లక్షల మంది దాకా ఉన్నారు. 2021 ఫిబ్రవరిలో ఫలితాలు వెలువడ్డాయి. జూదానికి ఎక్కువ ఖర్చుపెట్టేవాళ్ల ఖాతాల్లో ఇంటి లోను వాయిదాలు తప్పడం, చెప్పాపెట్టకుండా ఓవర్‌డ్రాఫ్టులోకి జారడం, జీతం దాకా గడవడానికి తీసుకునే అధిక వడ్డీ అప్పులు కనిపించాయి. రాత్రి వేళ లావాదేవీలు, అంటే నిద్ర లేకపోవడం, కనిపించింది. అందరికంటే ఎక్కువ ఆడే ఒక శాతం మంది తమ ఆదాయంలో సగానికి పైగా అందులోనే పోశారు. జూదం వల్లే ఇవన్నీ జరిగాయని ఆ పరిశోధన రుజువు చేయలేదు, రెండింటికీ సంబంధం ఉందని మాత్రమే చూపింది. అయినా బ్యాంకువాడు కళ్లు తెరవడానికి ఆ మాత్రం చాలు.

అక్కడి బ్యాంకులకు ఒక సౌకర్యం ఉంది. కార్డు గీకితే ఆ వ్యాపారం ఏ రకమో చెప్పే ఒక నంబరు లావాదేవీతో పాటు వస్తుంది. జూదానికి 7995 అనే కోడు ఉంది. దాని ఆధారంగా కొన్ని బ్యాంకులు 2018 నుంచి "నా కార్డు మీద జూదం ఆపేయండి" అని ఖాతాదారే నొక్కుకునే మీట ఇచ్చాయి. మోంజో అనే బ్యాంకులో ఆ మీట మళ్లీ తీయించుకోవాలంటే సిబ్బందితో మాట్లాడాలి, 48 గంటలు ఆగాలి. ఆ రెండు రోజుల్లో ఆవేశం చల్లారుతుందన్నమాట. 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో జూదమాడటమే అక్కడ నిషేధించారు. లైసెన్సు ఉన్న సంస్థలు తమ ఆటగాళ్ల తీరును గమనించి కలగజేసుకోవాలన్న నిబంధన కూడా ఉంది.

మన దగ్గర దారి వేరు. మనం నిషేధం దారి పట్టాం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. ఛత్తీస్‌గఢ్ కూడా కొత్త జూద నిషేధ చట్టం చేసింది. పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా అందులో ఉన్నాయి. మనవాళ్లు చెవిన వేసుకోవాల్సిన మాట ఇంకొకటి ఉంది. అలాంటి ఆటలకు చెల్లింపులు జరిపిపెట్టే బ్యాంకులకు, ఆర్థిక సంస్థలకు కూడా అదే చట్టంలో శిక్ష ఉంది. ఆడినవాడికి మాత్రం అందులో శిక్ష లేదు, వాడిని బాధితుడిగానే చూశారు.

నిషేధం మంచిదా కాదా అని వాదించడానికి నేను రాలేదు. దాని వల్ల వచ్చే ఒక మార్పు మాత్రం చెబుతాను. లైసెన్సు ఉన్న సంస్థ ఉంటే వాడి దగ్గర ఆట లెక్క ఉంటుంది, గమనించమని సర్కారు అడగగలదు. దొంగచాటు యాప్‌ను అడిగేదెవరు? పైగా వాడి దగ్గరా డేటా ఉంటుంది, ఆ నాలుగు గుర్తులు వాడికీ కనిపిస్తాయి. ఎవడు ఓడిన డబ్బు రాబట్టుకోవాలని తహతహలాడుతున్నాడో, ఎవడు రెండు రోజులుగా ఆడలేదో కనిపెట్టి, సరిగ్గా అప్పుడే వాడికి ఉచిత బోనస్ అని మెసేజ్ పంపడానికి కూడా అదే లెక్క పనికొస్తుంది. కత్తి ఒకటే, డాక్టరు చేతిలో ఉందా, దొంగ చేతిలో ఉందా అన్నదే తేడా. కాబట్టి మన దేశంలో జూదరి జాడ, వాడి మంచి కోరేవాళ్లకు కనిపించే చోట్లు రెండే మిగిలాయి. ఒకటి బ్యాంకు ఖాతా, రెండు ఇల్లు. ఈ గదిలో ఉన్నవాళ్లకు రెండూ దగ్గరే.

ముందు ఖాతా సంగతి చూద్దాం. దొంగ యాప్‌కు డబ్బు వెళితే 7995 కోడు రాదు. యూపీఐలో ఎవరో వ్యక్తి పేరు మీద వెళుతుంది. మరి గుర్తుపట్టడం ఎలా? ఊహకు ఒక కుర్రాడిని అనుకుందాం. తండ్రి ప్లాంటులో రిటైరయ్యాడు, వీడికి ప్రైవేటు ఉద్యోగం, నెలకు 28,000 జీతం. వాడి స్టేట్‌మెంటు ఇలా ఉంటుంది.

మొదటి నెలలో శనివారం రాత్రి 200, ఆదివారం 200, మరో వారం 300. ఎవరూ అనుమానించరు, టీ టిఫిన్ల ఖర్చులా ఉంటుంది. నడుమ ఒకసారి 1,800 జమ అయింది. వాడు గెలిచాడు. నిజానికి కష్టాలు మొదలయ్యేది ఆ జమతోనే.

రెండో నెలలో మ్యాచ్ ఉన్న సాయంత్రాల్లో 500, 1,000, 300, 2,000, ఒకే రాత్రి. అన్నీ గుండు సున్నాలతో ముగిసే మొత్తాలు. ప్రతిసారీ డబ్బు వెళ్లిన పేరు వేరు. నిన్న రాయ్‌పూర్‌లో ఎవరో, ఇవాళ మరో రాష్ట్రంలో ఎవరో. వాళ్లెవరికీ ఈ ఖాతాతో పాత సంబంధం లేదు.

మూడో నెలలో ఒకటో తారీకు జీతం పడింది, నాలుగో తారీకుకు 600 మిగిలింది. రాత్రి 11.40కి ఒకటి, 11.52కి ఒకటి, 12.10కి ఒకటి వెళ్లాయి. తొమ్మిదో తారీకున ఒక లోన్ యాప్ నుంచి 5,000 జమ, పది నిమిషాల్లో మొత్తం ఖాళీ. పద్దెనిమిదిన మూడేళ్లుగా కడుతున్న ఆర్‌డీ మూసేశాడు. ఇరవై రెండున అమ్మ పెన్షన్ ఖాతా నుంచి 3,000 వచ్చింది.

ఇందులో ఏ ఒక్క లైను విడిగా చూసినా తప్పు కాదు. 500 పంపడం నేరం కాదు. ఆర్‌డీ మూయడం నేరం కాదు. అమ్మ కొడుక్కి డబ్బు పంపడం అసలే నేరం కాదు. అన్నీ ఒక వరుసలో పేర్చి చూసినప్పుడే కథ బయటపడుతుంది. కౌంటరులో ఉన్న గుమాస్తా ఆ రోజు ఆర్‌డీ మూసే ఫారం మాత్రమే చూస్తాడు. యంత్రం మూడు నెలల వరుస చూస్తుంది. యంత్రం గొప్పదనం అంతే.

ఇక అవతలి వైపు, అంటే డబ్బు చేరే కిరాయి ఖాతాల వైపు, యంత్రం పని ఇప్పటికే మొదలైంది. 2024 డిసెంబరు 6న అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు శక్తికాంత దాస్ గారు 'మ్యూల్‌హంటర్' అనే సాధనం గురించి ప్రకటించారు. రిజర్వు బ్యాంకుకే చెందిన బెంగళూరు ఇన్నోవేషన్ హబ్ దాన్ని తయారు చేసింది. కిరాయి ఖాతాలు నడిచే 19 రకాల తీరుల్ని పరిశీలించి దాన్ని తీర్చిదిద్దారు. రెండు పెద్ద ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో ముందుగా పరీక్షించారు. ఇంతకాలం నిద్రపోతున్న ఖాతాలో ఉన్నట్టుండి రోజుకు వందల జమలు పడి, పడ్డ నిమిషాల్లోనే వేరే చోటికి వెళ్లిపోతుంటే, ఖాతాదారు కూలీ అని కేవైసీలో ఉంటే, యంత్రం చెయ్యెత్తుతుంది.

పిల్లలూ, ఇది మీరు ప్రత్యేకంగా వినాలి. కాలేజీలో ఎవరైనా "నీ ఖాతా నెల రోజులు ఇవ్వు, ఐదు వేలు ఇస్తాను" అంటే, వాడు మీకు ఇస్తున్నది పాకెట్ మనీ కాదు. పోలీసులు వచ్చేది పాస్‌బుక్కు మీద పేరున్నవాడి ఇంటికే.

ఇంత చెప్పాక, "అయితే సార్, ఆ యంత్రం పెట్టేసి జూదరులందరినీ పట్టేయవచ్చు కదా?" అని మీరు అడగవచ్చు. ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. పలకా బలపం అక్కర్లేదు.

ఒక ప్రాంతంలో 10,000 మంది ఖాతాదారులు అనుకోండి. వాళ్లలో నూటికి ఒకరు, అంటే 100 మంది, జూదంలో పీకల దాకా మునిగారు అనుకోండి. మన యంత్రం చాలా తెలివైనది, మునిగినవాళ్లలో నూటికి 90 మందిని పట్టుకుంటుంది. ఏ పాపమూ ఎరగనివాళ్లలో నూటికి ఐదుగురిని మాత్రమే పొరపాటున అనుమానిస్తుంది. బాగానే ఉంది కదా? ఇప్పుడు కూడండి. 100 మందిలో 90 మంది దొరికారు. మిగతా 9,900 మందిలో నూటికి ఐదుగురు అంటే 495 మంది అనవసరంగా జాబితాలోకి ఎక్కారు. మొత్తం జాబితా 585. అందులో నిజమైనవాళ్లు 90. అంటే నూటికి పదిహేను మందే! మిగతా ఎనభై ఐదుగురు ఎవరు? రాత్రి షిఫ్టు చేసి పన్నెండింటికి ఇంటికి డబ్బు పంపే ప్లాంటు ఉద్యోగి. చీటీ పాటలు నడిపే అక్క. పెళ్లి ఖర్చులకు ఆర్‌డీ మూసిన తండ్రి.

యంత్రం ఎంత మంచిదైనా, సమస్య ఉన్నవాళ్లు తక్కువగా, లేనివాళ్లు ఎక్కువగా ఉన్నప్పుడు ఇలాగే జరుగుతుంది. కాబట్టి ఆ జాబితాను తీర్పు అనుకోకూడదు, "ఒకసారి కదిలించి చూడండి" అనే సూచన అనుకోవాలి. జాబితా చూసి ఖాతా స్తంభింపజేస్తే ఎనభై ఐదు మంది మంచివాళ్లను అవమానించినవాళ్లం అవుతాం. జాబితాను చెత్తబుట్టలో వేస్తే పదిహేను కుటుంబాలను వదిలేసినవాళ్లం అవుతాం. ఆ రెండింటికీ నడుమ ఉన్నది మాట. "బాబూ, ఆర్‌డీ ఎందుకు మూస్తున్నావు? ఇబ్బందేమైనా ఉందా?" అని కౌంటరులో మర్యాదగా అడగగలిగేది మనిషే. మన పాత మేనేజర్లు ఆ పని ఏ కంప్యూటరూ లేకుండానే చేసేవారు.

సహోద్యోగులకు ఇక్కడే ఒక మాట. ఇది విన్నాక ఎవరికైనా "మా అబ్బాయి ఖాతా, మా బావమరిది ఖాతా ఒకసారి సిస్టంలో తెరిచి చూద్దాం" అనిపించవచ్చు. ప్రేమతోనే అనిపిస్తుంది. అయినా చూడకండి. డ్యూటీ పని లేకుండా ఎవరి ఖాతా తెరిచినా, అది కన్నకొడుకుదైనా, ఖాతాదారు గోప్యతను ఉల్లంఘించినట్టే. మనం చూసేది తెరమీద కాదు, ఇంట్లో.

ఇంట్లో ఏం కనిపిస్తుందో ఈ గదిలోని తల్లులకు, భార్యలకు నాకంటే బాగా తెలుసు. ఫోను బోర్లా పెట్టడం. మ్యాచ్ జరుగుతుంటే ఇష్టమైన టీము గెలిచినా ముఖంలో సంతోషం లేకపోవడం. బాత్రూములోకి ఫోను తీసుకెళ్లడం. అడగని ప్రశ్నలకు సంజాయిషీ. "జీతం ఆలస్యమైంది" అనే మాట రెండు నెలలు వరసగా రావడం. చెల్లెలి దగ్గర వెయ్యి, మేనమామ దగ్గర రెండు వేలు అప్పు, "అమ్మకు చెప్పొద్దు" అనే షరతుతో. స్టేట్‌మెంటులో గుర్తులు ఎలా ఒక వరుసలో చూడాలో, ఇవీ అలాగే చూడాలి. ఒక్కదాన్ని పట్టుకుని నిలదీస్తే పొరపాటు పడతాం. నాలుగైదు కలిసి, రోజురోజుకూ పెరుగుతుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు.

మన భారతంలో జూదం అనగానే ధర్మరాజు గుర్తొస్తాడు. నాకు మాత్రం దమయంతి గుర్తొస్తుంది. నలుడు పుష్కరుడితో పాచికలాడుతూ ఓడిపోతూనే ఉన్నాడు. మంత్రులు, పౌరులు వచ్చి వాకిట్లో నిలబడ్డారని ఆమె చెప్పింది. ఆయన పలకలేదు. మళ్లీ చెప్పింది, పలకలేదు. అప్పుడామె సారథి వార్ష్ణేయుణ్ణి పిలిపించి, పిల్లలిద్దరినీ రథమెక్కించి విదర్భలో పుట్టింటికి పంపేసింది. రాజ్యం పోయాక కాదు, ఇంకా పోకముందే. భర్తను శపించలేదు, వదల్లేదు. కాపాడగలిగినదాన్ని ముందు కాపాడింది, తర్వాత ఆయన వెంట అడవికి నడిచింది.

ఆ కథలో నలుణ్ణి చెడ్డవాడిగా చెప్పలేదని కూడా గుర్తుంచుకోండి. కలి ఆవహించాడని చెప్పారు. ఇప్పుడు డాక్టర్లూ తమ భాషలో దాన్ని రుగ్మత అనే అంటున్నారు. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో జూద వ్యసనం ఒక రుగ్మతగా ఉంది. రుగ్మతకు మందు తిట్లు కాదు.

కాబట్టి ఇంట్లో అనుమానం బలపడితే చేయాల్సిన పనులు చెబుతాను, కాగితం మీద రాసుకోండి.

మొదట, మ్యాచ్ లేని ప్రశాంతమైన పూట, ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడండి. "ఎంత పోగొట్టావు?" అని కాకుండా "ఎన్నాళ్ల నుంచి నిద్రపట్టడం లేదు?" అని మొదలుపెట్టండి.

రెండు, డబ్బుకు కంచె వేయండి. వాడి ఒప్పుకోలుతోనే యూపీఐ రోజువారీ పరిమితి తగ్గించవచ్చు. మీ ఫోన్ల పిన్‌లు, ఏటీఎం పిన్‌లు మార్చండి. పెద్దవాళ్ల పెన్షన్ ఖాతా, ఇంట్లో బంగారం, ఎఫ్‌డీ రసీదులు వాడి చేతికి అందకుండా చూడండి. దమయంతి రథం ఇదే.

మూడు, అప్పులన్నీ ఒక్కసారిగా మీరే తీర్చేయకండి. అప్పు తీరగానే చేతికి కొత్త అప్పు దొరికే వెసులుబాటు వస్తుంది. ముందు లెక్కంతా కాగితం మీద రాయించండి. ఎవరికి ఎంత, ఏ యాప్‌కు ఎంత అన్నది తేలాక, వాయిదాల మీద తీర్చే దారి చూడండి. అప్పిచ్చినవాళ్లకు నేరుగా కట్టండి, వాడి చేతికి ఇవ్వకండి.

నాలుగు, సాయం అడగండి. టెలి మానస్ నంబరు 14416. కేంద్ర ఆరోగ్య శాఖ 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను అది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఇది కుర్రాడి కోసమే కాదు, నిద్రలేని తల్లి కూడా చేయవచ్చు. "నేను బతికి ఏం లాభం" లాంటి మాట ఇంట్లో ఒక్కసారి వినిపించినా దాన్ని బెదిరింపు అనుకోకండి. ఒంటరిగా వదలకండి, ఆ పూటే ఫోను చేయండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఐదు, ఖాతాలోంచి మోసంతో డబ్బు పోయినా, ఖాతా ఎవరికైనా ఇచ్చి ఇరుక్కున్నా, వెంటనే బ్రాంచికి చెప్పండి, 1930కి ఫోను చేయండి. సైబర్ మోసాలకు ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ అది. ఎంత తొందరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

బ్యాంకు ఉద్యోగి ఇంట్లో ఈ కష్టం వస్తే దాచుకోవాలనే ఆరాటం మామూలు ఇంటికంటే ఎక్కువగా ఉంటుంది. "బ్యాంకు మేనేజరు గారి అబ్బాయి" అనే మాటకు భయపడతాం. ఆ భయంతో ఆరు నెలలు దాస్తే, ఆ ఆరు నెలల్లో స్టేట్‌మెంటు మూడో నెల నుంచి తొమ్మిదో నెలకు చేరుతుంది. అందులో కొన్నిసార్లు ఉద్యోగి సంతకమూ, ఉద్యోగమూ కూడా కలిసిపోతాయి. పరువు కోసం దాచిన సంగతి చివరికి పరువును మిగల్చదు.

మా విభాగంలో మేము గుర్తులు వెతికే పని చేస్తూనే ఉంటాం. రేపటి యంత్రం ఇవాళ్టి దానికంటే బాగా చూస్తుంది. కానీ అది ఎంత బాగా చూసినా, చూసిన సంగతిని ఒక జాబితాగా మాత్రమే ఇవ్వగలదు. ఆ జాబితాలోని పేరు పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని "ఏమైంది నాన్నా?" అని అడగాల్సింది మీరే. ఇవాళ ఇంటికి వెళ్లాక 14416, 1930 రెండు నంబర్లూ వంటింటి క్యాలెండరు మీద రాసిపెట్టండి. మీకు అవసరం రాకూడదని కోరుకుంటున్నాను. పక్కింటివాళ్లకు వస్తే ఆ క్యాలెండరు వాళ్లకు పనికొస్తుంది.

భోజనాల దగ్గర నేనూ ఉంటాను. నలుగురిలో అడగలేని ప్రశ్న ఏదైనా ఉంటే అక్కడికొచ్చి అడగండి.